చర్చలకు జీపు తోలినాయన

అడవిలోంచి వచ్చినవాళ్ళూ సర్కారువాళ్ళూ ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చున్న రోజున నేనా గదిలో ఉన్నాను. బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద ఎవరూ ముట్టుకోని బిస్కెట్లు. తుపాకులు వదిలి వచ్చినవాళ్ళ కుడిభుజం కాస్త కిందికి వాలి ఉండటం కళ్ళారా చూశాను. ఏళ్ళ తరబడి బరువు మోసిన భుజం, బరువు దింపినా లేవదు. ఈ ముక్క ఫిల్మ్‌నగర్‌లో ఏ టీ బండి దగ్గర చెప్పినా రెండో టీ నేను అడక్కుండానే వచ్చేది.

ఆ ముక్కతోనే నాకు డెబ్బై నాలుగో ఏట ఉద్యోగం కూడా వచ్చింది.

ఇచ్చింది ఒక అమ్మాయి. ముప్పై దాటి ఉండదు. డాక్యుమెంటరీలు తీస్తుంది. ఫిల్మ్‌నగర్ ఏటవాలులో, బండను సగం తొలిచి కట్టిన అపార్టుమెంటులో ఆమె ఆఫీసు. కిటికీ తీస్తే మిగతా సగం బండ మొహం మీదికి వస్తుంది. శ్రీనగర్ కాలనీలో నేనుండే కిరాయి వాటా నుంచి అక్కడికి పెద్ద దూరం లేదు గానీ, ఆ చివరి ఎత్తు ఎక్కేసరికి నా మోకాళ్ళు రెండూ విడివిడిగా తిట్టేవి.

"ఎవరు ఎవర్ని చంపారో చాలామంది తీసేశారు అంకుల్," అంది మొదటి రోజు. "మాట్లాడుకుందామని ఎలా అనుకున్నారు, కూర్చున్నాక ఎందుకు కుదర్లేదు, దాని మీద నాకు రీసెర్చ్ కావాలి. మీరు ఆ గదిలో ఉన్నారట కదా?"

"ఉన్నానమ్మా," అన్నాను. అనేశాక ఇక దిగడానికి మెట్లు కనిపించలేదు.

గదిలో అంటే సరిగ్గా గదిలోనే అని కాదు. వరండా అనుకోండి. వరండాలోంచి గది కనిపిస్తుంది కదా.

నా పుట్టుక అలాంటిది. మాది కోస్తా. మా నాన్న చర్చిలో ఆదివారం బడి పిల్లలకు కథలు చెప్పేవాడు. ఆయన కథలో సింహాలు వారానికొకటి పెరిగేవి. పాస్టరుగారు పిలిచి ఇదేంటయ్యా అంటే, "పిల్లలు వెనక బెంచీ దాకా ఉన్నారండీ, రెండు సింహాలు వాళ్ళకు వినపడవు" అన్నాడట. ఆ రక్తంతో వచ్చి నలభై ఏళ్ళు సినిమాలకు మాటలు రాశాను. రాశానంటే, వేరేవాళ్ళ పేరు మీద రాశాను. ఒక కథకు నలుగురు తలో వెర్షన్ రాస్తే, అందులోంచి ఏరి ఒకరి పేరుతో తెర మీద వేయడం ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నదే. నా పేరు టైటిల్స్‌లో ఒక్కసారి పడింది. అది పడేటప్పటికి జనం ఇంకా బయట స్కూటర్లకు స్టాండు వేసుకుంటున్నారు. మా ఆవిడ మాత్రం చూసింది. చూసి, "చిన్నగా వేశారేంటండీ" అంది.

మూడు నెలలు పాత పేపర్లు చదివాను. ఆ పోరు దశాబ్దాలు సాగింది. సర్కారు దాన్ని యుద్ధం అనలేదు, శాంతిభద్రతల సమస్య అంది. అడవివాళ్ళు యుద్ధమే అన్నారు. మధ్యన ఉన్న పల్లెలు దానికి ఏ పేరూ పెట్టలేదు. "గా రోజులు" అంటారు, అంతే. మధ్యవర్తులుగా నిలబడ్డ పెద్దమనుషుల ఉత్తరాలు చదివాను. కాల్పులు ఆపామన్న ప్రకటనలు, ఆపలేదన్న ఖండనలు చదివాను. డైలాగులు రాసినవాణ్ణి కాబట్టి ఒకటి పట్టుకున్నాను: చివరికొచ్చేసరికి ఇద్దరి డైలాగూ ఒకటే. ముందు వాళ్ళు ఆపితే మేం ఆపుతాం. తుపాకులతో ఊళ్ళోకి రావచ్చా, రాకూడదా అన్న దగ్గర బండి దిగబడింది. తుపాకీ వదిలితే ప్రాణం ఉండదని అటువాళ్ళు, తుపాకీ ఉంటే ఇక మాటలెందుకని ఇటువాళ్ళు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. అక్కడే నాకు చిక్కొచ్చి పడింది. సినిమాలో అయితే ఒకణ్ణి విలన్‌ని చేసి రెండు రీళ్ళలో తేల్చేసేవాణ్ణి.

పేపర్లు అయ్యాక మనుషులు కావాలంది అమ్మాయి. ఆ రోజులు చూసిన మామూలు మనుషులు. నేనేం చేశానంటే, నలభై ఏళ్ళుగా మనుషులు కావాలంటే ఏం చేస్తూ వచ్చానో అదే చేశాను. గుంపు సీన్లకు మనుషుల్ని పంపే జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటుకు ఫోన్ చేశాను.

"అడవి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు కావాలయ్యా. ఆ రోజులు అనుభవించినవాళ్ళు."

"అయితదన్నా. మగోళ్ళెందరు, ఆడోళ్ళెందరు? గడ్డాలుండాల్నా?"

"గడ్డాలతో పని లేదయ్యా బాబూ, నిజం కావాలి."

"నిజం గడ్డాలేనన్నా. నా తాన పెట్టుడు గడ్డాలుండయ్."

మర్నాడు పొద్దున తొమ్మిదింటికల్లా ఇరవై ఎనిమిది మంది ఆ అపార్టుమెంటు మెట్ల మీద బారులు తీరారు. ముగ్గురు ముందు జాగ్రత్తగా అడవివాళ్ళ ఆకుపచ్చ డ్రెస్సు వేసుకునే వచ్చారు. వాచ్‌మన్ వాళ్ళను చూసి గేటు మూసేసి సెక్రటరీ కోసం పరిగెత్తాడు. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, రికార్డర్ పెట్టి, ఐదేసి నిమిషాలు మాట్లాడించాను. ఎదురుగా కాగితం పెట్టుకుని, నచ్చినవాళ్ళ పక్కన టిక్కు, నచ్చనివాళ్ళ పక్కన ఇంటూ.

యాభై ఏళ్ళాయన ఒకడు ఎంత బాగా చెప్పాడని! "గుట్ట ఎక్కుతున్నం సార్. పైనుంచి కాల్పులు. నా పక్కోడు పడ్డడు. నీళ్లు, నీళ్లు అంటుండు. నా తాన నీళ్లు లెవ్వు." నా కళ్ళు చెమర్చాయి. కండువాతో తుడుచుకుని, "ఎప్పుడు జరిగింది నాయనా ఇది?" అన్నాను.

"లంచ్ ముంగట ఒకపారి, లంచ్ అయినంక రెండుపార్లు సార్. కెమెరాల ఏదో గడబిడైందని మల్ల సచ్చినం."

ఇంకొకడు రెండు పక్షాల సంగతీ చెబుతానన్నాడు. ఎలా అంటే, "పొద్దుగాల పోలీస్ వేస్తి, పొద్దూకి అన్న వేస్తి. డ్రెస్సు ఒకటే సార్, నెత్తిమీద టోపీ మారుతది గంతే" అన్నాడు. చరిత్ర పుస్తకాలవాళ్ళు కూడా ఇంత క్లుప్తంగా చెప్పలేదనిపించి అతనికీ టిక్కు పెట్టాను.

చివరన ఒకావిడ వచ్చింది. అరవై దగ్గర పడుతుంటాయి. ఆవిడ ఆర్టిస్టు కాదు. సినిమాలకు బట్టలు అద్దెకిచ్చే షాపులో కుట్టుపని చేస్తుంది. ఆ ముగ్గురూ వేసుకొచ్చిన డ్రెస్సులు వాపసు తీసుకెళ్ళడానికి వచ్చిందట. ఆ జిల్లామనిషే కదా, నువ్వు కూడా ఓ మాట చెప్పిపో అని ఏజెంటు కూర్చోబెట్టాడు.

"మా ఆయన జీపు తోలెటోడు," అంది. "చర్చలకు అడవికాడికెంచి పట్నం తీస్కపోయిండు. అయినంక మల్ల అడవికాడ దించిండు."

"తర్వాత?"

"తర్వాతేంది? ఇంటికొచ్చిండు."

పక్కన ఇంటూ పెట్టి, "ఫీల్ లేదు" అని రాశాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. పారేయాలంటే సిగ్గేస్తుంది, దాచుకోవాలన్నా సిగ్గేస్తుంది.

రెండు రోజులు హెడ్‌ఫోన్లు పెట్టుకుని అవన్నీ విన్నాక అమ్మాయి నన్ను పిలిచింది. "అంకుల్, ఇంతమందిలో ఈ ఆంటీ ఒక్కరే నిజం చెప్పారు."

"ఎలా చెప్పగలవమ్మా?"

"మీకేం కావాలో ఆవిడ పట్టించుకోలేదు."

ఇద్దరం మోతీనగర్‌లో ఆవిడ ఇంటికి వెళ్ళాం. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, దాని మీద ఆకుపచ్చ ముతక బట్ట తాను. మేం వెళ్ళినా మిషను ఆపలేదు.

"కూసోండ్రి. రేపటికి పన్నెండు జతలియ్యాలె," అంది. బట్ట కేసి గడ్డం ఆడించి, "గీ రంగు జూస్తె మా ఊర్ల కుక్కలు సుత ఉరుకుతుండె. ఇప్పుడు నేనే తాన్లకు తాన్లు కుడ్తున్న. నవ్వొస్తది ఒక్కొక్కపారి," అంది. నవ్వలేదు.

అమ్మాయి మెల్లిగా అడిగితే ఒక్కొక్కటీ చెప్పింది. ఆయనది కిరాయి జీపు. చర్చలకు రప్పించాలంటే అడవి అంచున ఎక్కించుకునే బండి కావాలి. మధ్యవర్తులు నాలుగూళ్ళు తిరిగినా ఎవరూ ముందుకు రాలేదట. ఇవాళ ఎక్కించుకుంటే రేపు ఎవరికి జవాబు చెప్పాలోనని భయం. ఈయన సరేనన్నాడు. తీసుకెళ్ళాడు, తెచ్చాడు. చర్చలు కుదర్లేదు. కొన్నాళ్ళకు మళ్ళీ కాల్పులు మొదలయ్యాయి. అప్పుడు ఒక ఠాణావాళ్ళు ఆయన్ని పిలిపించి రెండు రోజులు ఉంచుకుని పంపారు. ఆ తర్వాత ఊళ్ళో ఆయన జీపు ఎవరూ ఎక్కలేదు. అడవివాళ్ళ చోటు పోలీసులకు చూపించాడని మాట పుట్టింది. చాలా ఏళ్ళ తర్వాత కామెర్లతో పోయాడు. ఆవిడ మిషను పట్టుకుని ఇక్కడికి వచ్చేసింది.

"ఆ రెండు రోజుల్లో ఏం జరిగిందాంటీ?"

"ఉంచుకున్నరు. పంపిచ్చిండ్రు," అంది. మిషను గట్టిగా తొక్కింది. ఆ చప్పుడులో ఇంకో ప్రశ్న అడగడం మా ఇద్దరికీ చేతకాలేదు.

కాసేపటికి తనే ఆపింది. "బిడ్డా, ఆఖర్ల పేర్లేస్తరట గద. చర్చల కోసం తిరిగినోళ్ళయి. గా పేర్లల్ల మా ఆయన పేరు పడ్తదా?"

అమ్మాయి తడబడింది. పేర్ల పట్టిక వేయాలన్నది తన ఆలోచనే. అందులో మధ్యవర్తులున్నారు, రెండు పక్షాల ప్రతినిధులున్నారు. డ్రైవర్ల ఊసు మాకు తట్టలేదు. పైగా ఆ పట్టికను అప్పటి మధ్యవర్తుల్లో ఒక పెద్దాయనకు చూపించి ఖాయం చేస్తామని మాటిచ్చి ఉన్నాం. "ఆయన్ని అడుగుతానాంటీ," అంది.

ఆవిడ నా వైపు తిరిగింది. "సారూ, నువ్వు ఆ గదిల ఉన్నవట. మా ఆయన జీపు తోల్కొని ఆడికే వచ్చిండు ఆ దినం. నీ కండ్ల పడ్డడా?"

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. వరండా అన్నాను కదా, అది కూడా కాదు. గేటు. గేటు బయట.

కానీ ఆవిడ కళ్ళు అలా నా మీద ఉన్నప్పుడు గేటు అని ఎవడంటాడు? "పడ్డాడమ్మా," అన్నాను. "తెల్లచొక్కా. జీపుకు ఆనుకుని నిలబడ్డాడు. ఎవరో టీ ఇస్తే, ముందు లోపలివాళ్ళకు అందాయా అని అడిగి తీసుకున్నాడు. అంతమందిలో నాకు గుర్తుండిపోయాడంటే చూడండి."

ఆవిడ సూదిలోకి దారం ఎక్కించడానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారికి ఎక్కించుకుంది. నాకు చాలా మంచి పని చేసినట్టనిపించింది. తిరిగి వస్తూ ఆటోలో ఈల కూడా వేశాను.

మూడో రోజు పెద్దాయన జవాబు చెప్పాడు. అమ్మాయి ఫోన్ స్పీకర్‌లో పెడితే నేనూ విన్నాను. "ఆ డ్రైవరా? అతని మీద ఓ మాట ఉందమ్మా. ఠాణాలో చోటు చెప్పాడని. మిగతా పేర్ల పక్కన ఆ పేరు వేస్తే వాళ్ళ ఇళ్ళల్లో ఏమనుకుంటారు? చెప్పలేదని మీకు గట్టిగా తెలిస్తే వేయండి."

చెప్పలేదని గట్టిగా తెలియాలి. అంతే కదా. నేను ఇంటికొచ్చి ఒక్క మధ్యాహ్నంలో గట్టిగా తెలుసుకున్నాను. అంటే, రాశాను. ఠాణాలో రెండు రోజులు. గోడకు గడియారం. పైనుంచి నీళ్ళ చుక్క. అధికారి అడుగుతాడు: ఎక్కడ ఎక్కించుకున్నావు? ఈయన తలెత్తి అంటాడు: "దారి నా జీపుకు తెలుసయ్యా, నాకు తెలియదు. కావాలంటే జీపును అడుగు." కలం పెట్టి అరగంట కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాను. నలభై ఏళ్ళలో ఇంత మంచి డైలాగు రాయలేదు. ఆ సాయంత్రమే టీ బండి దగ్గర ఇద్దరికి వినిపించాను. ఇద్దరూ ఒళ్ళు జలదరించిందన్నారు.

అమ్మాయి చదివి, "ఇది ఆంటీ చెప్పారా?" అంది.

"చెప్పింది. నువ్వు లేనప్పుడు."

పెద్దాయనకు పంపితే రెండుసార్లు చదివించుకున్నాడట. పేరు వేయండి అన్నాడు. నేను మోతీనగర్‌కు ఫోన్ చేసి, "అమ్మా, పేరు పడుతోంది" అన్నాను. "పొయ్యి మీద పాలున్నయ్," అని పెట్టేసింది.

అక్కడితో ఆగితే నేనెంత గొప్పవాణ్ణి! కానీ ఆ అమ్మాయికి ఇప్పటి పిల్లలకుండే తెగులే ఉంది: ఏదైనా మనిషి నోటి నుంచే వినాలి. ఆ రెండు రోజుల సంగతి ఆవిడ గొంతుతోనే రికార్డు చేద్దామని పిలిపించింది. ముందు నేను రాసింది చదివి వినిపించమంది. డబ్బింగ్ గది. గోడలకు మెత్తలు. బయట ఫిల్మ్‌నగర్ హారన్లు ఒక్కటీ లోపలికి రావు. నేను గొంతు సవరించుకుని చదివాను. డైలాగు దగ్గర కాస్త ఆగి, కాస్త పెంచి చదివాను.

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని పూర్తిగా విన్నది.

"గిదెవలు జెప్పిండ్రు?" అంది.

అమ్మాయి నా వైపు చూసింది. నేను మైకు వైపు చూశాను.

"ఆయనకు గంత మాట్లాడ రాదు సారూ. కొత్తోళ్ళ ముంగట పేరు జెప్పనీకె నత్తి వస్తుండె." ఊపిరి తీసుకుంది. "చెప్పిండు. రెండో దినం చెప్పిండు."

"ఏం చెప్పారాంటీ?" అమ్మాయి గొంతు నాకే సరిగా వినపడలేదు.

"యాడ ఎక్కిచ్చుకున్నడో గది జెప్పిండు. గుట్ట కింద, వాగు మలుపు కాడ. వాళ్ళు ఆడ ఆ ఒక్క పూట నిలబడ్డరు, ఎక్కి పోయిండ్రు. మల్ల ఆడికి రానే రాలే. ఆ జాగ ఊర్ల పిల్లగాండ్లకు సుత ఎరుకే. ఆయన జెప్పినందుకు ఎవ్వనికేం కాలే. అయినా చెప్పుడు చెప్పుడే గద."

"మరి ఆయన చెప్పారని ఊరికెలా తెలిసింది?"

"ఆయనే జెప్పిండు. ఇడిసిపెట్టిన దినం ఇంటికి రాలే, సక్కగ ఊరి నడుమ కచ్చీరు కాడికి పోయిండు. నలుగురు కూసున్నరు. 'నేను చెప్పిన, జాగర్తగ ఉండున్రి' అన్నడట. అనకపోతె ఎవలకు ఎరుకైతుండె? ఇంట్లకొచ్చినంక నేను మొత్తుకున్న, ఎందుకన్నవ్ నీ నోరు పడిపోనని. 'వాళ్ళు నన్ను నమ్మి ఎక్కిండ్రు' అన్నడు. గంతే."

అమ్మాయి నీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది. ఆవిడ ఒక గుక్క తాగింది.

"తర్వాత మల్ల చర్చలుంటయట అని పేపర్ల వచ్చేది. గప్పుడు జీపు కడిగి, గాలి కొట్టిచ్చి పెట్టెటోడు. రెండుపార్లు కడిగిండు. ఎవ్వరు పిలువలే."

నేను ఆవిణ్ణి బయటి వసారాలోకి తీసుకెళ్ళాను. నలభై ఏళ్ళు కథా సిట్టింగుల్లో నిర్మాతల్ని ఒప్పించిన గొంతుతో మొదలుపెట్టాను. "అమ్మా, మీరు చెప్పింది నిజమే. కానీ ఇది రికార్డు అయితే పేరు పోతుంది. పెద్దాయన కొట్టేస్తాడు. నేను రాసింది ఉండనిస్తే ఎవరికి నష్టం చెప్పండి?"

"నాకు."

"మీ ఆయన పేరు పడాలని మీరేగా అడిగారు?"

"అడిగిన. పడితె మా ఆయనది పడాలె. నువ్వు రాసినోడు ఎవ్వడో, ఆనితోని నేను కాపురం జెయ్యలే."

ఏ సీనులోనైనా చివరి మాట నాదే ఉండాలని ఇన్నాళ్ళు కొట్టుకున్నవాణ్ణి. ఈసారి నోట్లోంచి వేరేది వచ్చింది.

"అమ్మా, నేనా గదిలో లేను."

ఆవిడ చీరకు అంటుకున్న దారప్పోగు ఏరి పారేసింది.

"వరండాలోనూ లేను. గేటు దగ్గరా లేను. ఆ రోజు సిటీ బస్సులో ఉన్నాను. ఆ బళ్ళన్నీ వెళ్తున్నాయని రోడ్డు ఆపేశారు. చాలాసేపు ఎండలో నిలబెట్టారు. బస్సులో అందరం కలిసి రెండు పక్షాల్నీ తిట్టాం. నేను ఇంకొంచెం బాగా తిట్టాను. మీ ఆయన్ని నేను చూడలేదు. తెల్లచొక్కా, టీ, అన్నీ నేనే..."

"తెల్సు."

"తెలుసా?"

"డ్రైవర్లను ఆడ ఉండనియ్యలే. బండ్లు పెట్టి పొమ్మన్నరు. ఎక్కడనో మైదానంల తోలి కూసోవెట్టిండ్రట. పొద్దంత తిండి లేదు, నీళ్లు లెవ్వు."

"మరి ఆ రోజే అనలేదేమమ్మా?"

ఆవిడ కొంగు సవరించుకుంది. "నువ్వు జెప్తుంటె ఇనబుద్దయింది సారూ. ఆయన గురించి మంచిగ మాట్లాడినోళ్ళు ఎవరున్నరు? అబద్ధమైతె ఏంది, జర సేపు ఇందమనుకున్న. ఇన్న. గది నా మట్టుకు. గిది మందికి చూపిచ్చేది గద."

తర్వాత అమ్మాయికి కూడా చెప్పాను. గది నుంచి బస్సు దాకా అన్నీ. కోప్పడుతుందనుకున్నాను. తలపట్టుకుని, "అంకుల్, మీరు గదిలో లేరని నాకు రెండో వారమే డౌట్ వచ్చింది. బిస్కెట్ల బ్రాండు కూడా చెప్పారు మీరు," అంది. కోపం వచ్చింది దేనికంటే, 'ఆంటీ చెప్పింది' అన్నందుకు. ఆ విషయం మీద రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నాకు అది తగినదే.

పెద్దాయనకు ఆవిడ రికార్డింగు ఉన్నదున్నట్టు వినిపించింది. పేరు పోయినట్టే అనుకుని నేను కిటికీలోంచి బండను చూస్తూ కూర్చున్నాను.

"ఆ రెండు రోజులూ అతను లోపలున్నాడని మాకు తెలుసమ్మా," అన్నాడు పెద్దాయన స్పీకర్‌లో. "వెళ్ళి అడగాల్సింది. మా డ్రైవరు, మేమే పిలిచాం, వదలండి అని. చర్చలు పోయాక ఒకరి మొహం ఒకరం చూసుకోవడమే మానేశాం. ఎవరం వెళ్ళలేదు. పేరు వేయండి. నా పేరుకంటే పైన వేసినా నాకు అభ్యంతరం లేదు."

పైన వేయలేదు. 'బండి నడిపినవారు' అని వేరే వరుస పెట్టింది అమ్మాయి. దాని కింద ఆయన ఒక్కడే. ఇంకెవరైనా ఉన్నారేమోనని ఇప్పటికీ వెతుకుతోంది.

ఆయన గురించి తెర వెనక చదవడానికి నాలుగు వాక్యాలు కావాల్సి వచ్చి, ఆ పని మళ్ళీ నాకే ఇచ్చింది అమ్మాయి. ఈసారి ఆవిడకు వినిపించి, సరేనన్నాకే తెమ్మంది. నాలుగు వాక్యాలకు నాకు వారం పట్టింది. గడియారం లేదు, నీళ్ళ చుక్క లేదు, డైలాగు లేదు. అడిగితే వచ్చాడు, తీసుకెళ్ళాడు, తెచ్చాడు, భయపడ్డాడు, చెప్పాడు, చెప్పానని చెప్పాడు. ఇంత పొదుపుగా నేనెప్పుడూ రాయలేదు. అది పట్టుకుని మోతీనగర్ వెళ్ళాను. ఆవిడ కాజాలు కుడుతూ వింది.

"'పెద్దమనుషులు వచ్చి అడిగిన మర్నాడు తెల్లవారుజామున, ఆయన చిరునవ్వుతో జీపెక్కి అడవి వైపు బయలుదేరాడు...'"

"నవ్వలే," అంది.

"చిన్న చిరునవ్వేనమ్మా."

"ఏ నవ్వు లేదు. జీపెక్కే ముంగట రెండుపార్లు కక్కుకున్నడు సారూ. నేనే నీళ్లిచ్చిన. కొట్టేసి గది రాయి."